గాలిలో వాటా

1947 ఆగస్టు 14వ తేదీ రాత్రి 11 గంటలకు ఢిల్లీలో రాజ్యాంగ సభ సమావేశమైంది. ఆ రాత్రి నెహ్రూగారు చేసిన ప్రసంగం గురించి మనమందరం బడి పుస్తకాలలోనే చదువుకున్నాం. అయితే ఆ సభలో కూర్చుని విన్నవాళ్లు కొన్ని వందలమంది మాత్రమే. మిగతా దేశం విన్నది రేడియోలో. మరి తెలుగువాళ్లు ఏ కేంద్రం నుంచి విన్నారు? అందులో తెలుగు ఎంత? ఆ తెలుగుకు చోటు ఎవరిచ్చారు? స్వాతంత్ర్యం గురించి ఎన్నో పుస్తకాలున్నా, ఈ చిన్న ప్రశ్నలను పట్టించుకున్నవి తక్కువ.

నేను చరిత్రకారుణ్ణి కాను. కామర్స్ చదివి బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. అందువల్ల ఏ సంస్థ కథ విన్నా ముందు దాని జమాఖర్చులు చూడబుద్ధవుతుంది. బ్రిటిష్ వారి ఏలుబడిలోని రేడియోకు ఆ రోజు ఖాతా మూసే రోజు. ఆనాటి నిల్వ ఏమిటో మొదట చూద్దాం.

అవిభక్త భారతదేశంలో ఆలిండియా రేడియోకు 9 కేంద్రాలుండేవి. ఆ అర్ధరాత్రితో లాహోరు, పెషావరు, ఢాకా కేంద్రాలు పాకిస్తాను వాటాకు వెళ్లాయి. రాత్రి 11 గంటలకు లాహోరు కేంద్రం ఇంకా ఆలిండియా రేడియోయే. 12 గంటలకు ముస్తఫా అలీ హమ్‌దానీ గొంతుతో అది పాకిస్తాను కేంద్రమైంది. మనకు మిగిలినవి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, తిరుచిరాపల్లి, లక్నో. అంటే 6 కేంద్రాలు, 18 ట్రాన్స్‌మిటర్లు. వాటి ప్రసారం దేశ విస్తీర్ణంలో నూటికి రెండున్నర వంతులకు, జనాభాలో నూటికి 11 మందికి అందేదని లెక్క. రేడియో లైసెన్సులు 2 లక్షల 75 వేలు. దాదాపు 34 కోట్ల జనానికి ఇవి ఏ మూలకు? సుమారు 1,200 మందికి ఒక సెట్టు. అదే సమయంలో బ్రిటన్‌లో లైసెన్సులు కోటి దాటాయి. అక్కడ నలుగురైదుగురికి ఒక సెట్టు. ఏలినవారి ఇంట్లో రేడియో కుర్చీ బల్లల్లాంటి సామాను. ఏలబడినవారికి అది ఊరికొక వింత.

ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. మన దక్షిణాదిలో రేడియో మొదలుపెట్టింది ప్రభుత్వం కాదు. సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో 1924 మే 16న మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడింది. అదే ఏడు జూలై 31న ప్రసారాలు మొదలయ్యాయి. ట్రాన్స్‌మిటరు శక్తి 40 వాట్లు. మన ఇంట్లో వెలిగే ఒక చిన్న బల్బు పాటి. తరవాత 200 వాట్లకు పెరిగింది. డబ్బు చాలక 1927 అక్టోబరులో క్లబ్బు మూతపడింది. ఆ సామగ్రి మద్రాసు కార్పొరేషను చేతికి వచ్చింది. 1930 ఏప్రిల్ 1 నుంచి కార్పొరేషనే రోజూ కాసేపు ప్రసారాలు నడిపింది. మెరీనా తీరాన, పార్కుల్లో లౌడ్‌స్పీకర్లు పెట్టింది. సెట్టు కొనలేనివాడు కూడా సాయంత్రం ఇసకలో కూర్చుని కచేరీ వినగలిగాడు. బీదదేశంలో రేడియో ఎలా నడవాలో ఆ కార్పొరేషనుకు తెలిసినంతగా కంపెనీలకు తెలియలేదు.

కంపెనీ సంగతి కూడా చెప్పుకోవాలి. 1927 జూలై 23న బొంబాయిలో వైస్రాయి ఇర్విన్ ప్రారంభించిన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అధీకృత మూలధనం 15 లక్షల రూపాయలు. చెల్లించిన మూలధనం 6 లక్షలు. బొంబాయి, కలకత్తా కేంద్రాలు కట్టడానికే నాలుగున్నర లక్షలయ్యాయి. ఇక రాబడి చూడండి. లైసెన్సు రుసుము ఏటా 10 రూపాయలు, అందులో కంపెనీకి 8. 1930 నాటికి కూడా దేశం మొత్తం మీద లైసెన్సులు దాదాపు 7,700. ఎనిమిదితో గుణిస్తే ఏడాదికి 62 వేల లోపే. దిగుమతి సెట్ల మీద వచ్చే సుంకంలో వాటా కలిపినా గాయకుల పారితోషికాలకు, కరెంటుకు, జీతాలకు సరిపోయేది కాదు. 1930 మార్చిలో కంపెనీ దివాలా తీసింది. ఏప్రిల్ 1న ప్రభుత్వం దాన్ని చేపట్టింది. విచిత్రమేమిటంటే, చితికిపోయిన ఈ వ్యాపారానికి ఊపిరి పోసింది లండను. 1932 డిసెంబరు 19న బీబీసీ ఎంపైర్ సర్వీసు మొదలయింది. దాన్ని వినడానికి ఇక్కడి తెల్లదొరలు, కలిగినవాళ్లు సెట్లు కొన్నారు. రెండేళ్లలో లైసెన్సులు ఇంచుమించు రెట్టింపయ్యాయి. అంటే మన రేడియోకు మొదటి నికరమైన రాబడి, లండను మాట వినాలనుకున్నవారి జేబుల్లోంచి వచ్చిందన్నమాట.

1935 ఆగస్టులో బీబీసీ నుంచి లయొనెల్ ఫీల్డెన్ అనే ఉద్యోగి ఇక్కడి ప్రసారాల కంట్రోలరుగా వచ్చాడు. సర్కారీ వాసన కొట్టే పాత పేరు ఆయనకు నచ్చలేదు. 1936 జూన్ 8 నుంచి అది ఆలిండియా రేడియో అయింది. బీబీసీ ఇంజనీర్లు దేశం తిరిగి ఏ ఊరిలో ఏ ట్రాన్స్‌మిటరు పెట్టాలో లెక్కలు కట్టారు. ఆ లెక్కల ఫలితంగా 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం ఎగ్మూరులో మొదలయింది. అప్పుడు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రి రాజాజీ. కార్పొరేషను తన రేడియోను ఆపేసింది.

మద్రాసు కేంద్రానికి రెండు ట్రాన్స్‌మిటర్లు ఇచ్చారు. ఒకటి 250 వాట్ల మీడియం వేవ్. అది పట్నం దాటదు. రెండోది 10 కిలోవాట్ల షార్ట్‌వేవ్. తెలుగు జిల్లాలకు ఆధారం ఇదే. మీడియం వేవ్ పగటిపూట నేల వెంట పాకుతుంది, కొంత దూరం పోయాక నీరసిస్తుంది. షార్ట్‌వేవ్ పైకి ఎగసి, ఆకాశంలో విద్యుదావేశం గల పొరకు తగిలి, వందల మైళ్ల అవతల నేలకు దిగుతుంది. అందుకే ఎగ్మూరులో పాడిన పాట విశాఖపట్నంలోను, అనంతపురంలోను, మైసూరు సంస్థానంలోని మన కె.ఆర్.పురంలోను వినిపించగలిగింది. కానీ ఆ పొర నిలకడగా ఉండదు. పాట అలలాగా లేచి, పడి, మళ్లీ లేచేది. వాల్వులు వేడెక్కేదాకా ఆగాలి, ఇంటి కప్పు మీద ఏరియల్ తీగ కట్టాలి, కరెంటు లేని ఊళ్లలో బ్యాటరీలు తెచ్చుకోవాలి. ఇంత తంటా పడితే వినిపించే తెలుగు ఎంత? ఆ ట్రాన్స్‌మిటరు మీద సగం కాలం తమిళానిది. కన్నడం, మలయాళం, ఇంగ్లీషు, ఢిల్లీ వార్తలు వేరే. ఒకే ఇంట్లో ఒకే బావి. నలుగురు కోడళ్లు వంతులవారీగా చేదుకోవాలి.

ఇక్కడ బ్రిటన్ లోపలి కథ ఒకటి పక్కన పెట్టి చూడవలసి ఉంది. బ్రిటిష్ రేడియో అంటే ఒకే ఇంగ్లీషు, ఒకే ఉచ్చారణ అనుకుంటాం. వాళ్ల ఇంట్లోనూ భాషల పేచీ ఉంది. వేల్స్ ప్రాంతంలో వెల్ష్ భాష మాట్లాడేవారున్నారు. 1933లో బీబీసీ సముద్రపు పాయకు ఇవతల వాష్‌ఫర్డ్ అనే చోట ఒక పెద్ద ట్రాన్స్‌మిటరు పెట్టి, వేల్స్‌నూ పశ్చిమ ఇంగ్లండునూ ఒకే ప్రాంతంగా కట్టింది. వెల్ష్ కార్యక్రమం వస్తే ఇంగ్లీషు శ్రోతలు మాకు అర్థం కాని గోలేమిటని విసుక్కున్నారు. మా దేశంలో మా భాషకు ఇన్ని ముక్కలేనా అని వెల్ష్‌వారు మండిపడ్డారు. వేల్స్ విశ్వవిద్యాలయం, సాండర్స్ లూయిస్ వంటి రచయితలు పోరాడగా, 1937 జూలై 4న వేల్స్‌కు వేరు తరంగం దక్కింది. రెండేళ్లకే యుద్ధం వచ్చి 1939 సెప్టెంబరు 1న ప్రాంతాలన్నిటినీ కలిపి ఒకే హోం సర్వీసు చేశారు. వెల్ష్‌కు వారానికి కొద్ది గంటలు మాత్రం మిగిలాయి. 1945 జూలై 29న మళ్లీ ప్రాంతాలు విడదీశారు. పూర్తిగా వెల్ష్ భాషకే ఒక రేడియో, అంటే రేడియో కమ్రీ, ఏర్పడేసరికి 1977 వచ్చింది. రాజుగారి సొంత ద్వీపంలోని భాషే తన గంటల కోసం అంతకాలం కొట్లాడితే, సముద్రాల ఇవతల మద్రాసులో తెలుగు, తమిళం ఒక ట్రాన్స్‌మిటరు పంచుకోవడంలో వింత లేదు.

యుద్ధకాలంలో బీబీసీ భారతీయ భాషలకు ఇచ్చిన వాటా కూడా గమనించదగ్గది. 1940 మేలో హిందుస్తానీ మొదలయింది. 1941లో తమిళం, బెంగాలీ చేరాయి. 1942 మార్చిలో గుజరాతీ, మరాఠీ చేరాయి. జార్జ్ ఆర్వెల్ అనే సుప్రసిద్ధ రచయిత 1941 నుంచి 1943 దాకా ఈ ఈస్టర్న్ సర్వీసులోనే ఉద్యోగం చేశాడు. ఆయన ఇంగ్లీషులో రాసిన యుద్ధ సమీక్షలను తర్జుమా చేసి ఈ భాషల్లో చదివేవారు. ఆ జాబితాలో తెలుగు లేదు. 1931 జనాభా లెక్కల్లో తెలుగువారు 2 కోట్ల 63 లక్షలు. తమిళులు, మరాఠీలు రెండేసి కోట్ల పైచిలుకు. గుజరాతీలు కోటీ 8 లక్షలు. తలలు లెక్కపెట్టి పంచితే మనకు రావలసిందే. తమిళానికి సిలోను, మలయాల్లో కూడా శ్రోతలున్నారు, యుద్ధం అటువైపు నుంచే ముంచుకొస్తోంది. తలలకన్నా అవసరమే వాటాను నిర్ణయించిందని ఊహించవచ్చు. బీబీసీ తెలుగు మొదలయింది 2017 అక్టోబరు 2న. అప్పటికి షార్ట్‌వేవ్ కాలం దాటి ఇంటర్నెట్ వచ్చేసింది.

అయితే మద్రాసు కేంద్రం తన చిన్న వాటాలోనే తెలుగుకు చేసిన మేలు తక్కువేమీ కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కార్యక్రమాలు నడిపి, తెలుగు లోకానికంతా రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు. 1945లో మద్రాసు నుంచే వారు ‘బాల’ పత్రిక తెచ్చారు. 1941లో బాలాంత్రపు రజనీకాంతరావు ఆ కేంద్రంలో చేరారు. నిడదవోలులో 1920లో పుట్టిన ఆయనకు అప్పటికి ఇరవయ్యొక్కేళ్లు. పాట రాయడం, వరస కట్టడం, పాడించడం మూడూ ఆయన పనే. ఇంకో మేలు పైకి కనిపించనిది. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా అందరికీ ఒకేసారి మాట్లాడవలసి వచ్చినప్పుడు, ఏ తెలుగు మాట్లాడాలి? గ్రంథంలోని తెలుగు చెవికి ఎక్కదు. ఒక ఊరి యాస మరో ఊరికి అందదు. పత్రికలు వాదించుకుంటూ ఉండగా, మైకు ముందు కూర్చున్నవాళ్లు ప్రతిరోజూ ఈ చిక్కు విప్పుకుంటూ పోయారు. తరవాత ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివినవారిలో కొంగర జగ్గయ్యగారు కూడా ఉన్నారు. సినిమాలో ఆయన కంచు కంఠం విని మెచ్చుకున్నవారిలో చాలామందికి ఆయన రేడియోలో వార్తలు చదివిన సంగతి తెలియదు.

ఇప్పుడు ఆ రాత్రికి వద్దాం. ఆ రాత్రి తెలుగువారు మూడు ఏలుబడుల కింద ఉన్నారు. సర్కారు, రాయలసీమ జిల్లాలవారు మద్రాసు ప్రెసిడెన్సీలో. తెలంగాణవారు నిజాం కింద. మన వంటి బెంగళూరు, కోలారు ప్రాంతాలవారు మైసూరు మహారాజు కింద. బెంగళూరు కంటోన్మెంటును బ్రిటిష్‌వారు మైసూరుకు తిరిగి అప్పగించి అప్పటికి మూడు వారాలు కాలేదు. ఆ అప్పగింత జూలై 26న జరిగింది. మైసూరు భారతదేశంలో చేరడానికి ఒప్పుకున్నా, ప్రజాప్రభుత్వం ఇంకా రాలేదు. దాని కోసం సెప్టెంబరులో ఉద్యమం నడిచింది. అక్టోబరు 25న కోలారు జిల్లా క్యాసంబళ్లికి చెందిన కె.సి. రెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు. హైదరాబాదు అసలు చేరనే లేదు. అక్కడ నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో ఉంది, 1935 నుంచి సర్కారు చేతిలో నడుస్తోంది. ఆ రాత్రి దానికి పండగ లేదు. ఏడాది తరవాత 1948 సెప్టెంబరు 17న నిజాం తన ఓటమిని ప్రకటించింది ఆ రేడియోలోనే.

మైసూరుకు కూడా సొంత రేడియో ఉంది. మహారాజా కాలేజీలో మనస్తత్వ శాస్త్రం చెప్పే ప్రొఫెసర్ ఎం.వి. గోపాలస్వామి 1935 సెప్టెంబరులో తన ఇంట్లోనే 30 వాట్ల ట్రాన్స్‌మిటరుతో మొదలుపెట్టిన కేంద్రమది. నా. కస్తూరిగారు సూచించిన ‘ఆకాశవాణి’ అన్న పేరు ఆ కేంద్రానిదే. దేశమంతా ఆ పేరు పెట్టుకున్నది 1957లో. 1942 నుంచి మైసూరు ప్రభుత్వమే దాన్ని నడిపింది. కానీ అది కన్నడ దేశపు రేడియో, అలా ఉండటం న్యాయమే. కాబట్టి తెలుగు మాట కావాలంటే ఈ మూడు ఏలుబడులవారికీ పెద్ద దిక్కు మద్రాసు షార్ట్‌వేవే.

ఢిల్లీ సభలో సుచేతా కృపలానీ వందేమాతరం పాడారు. నెహ్రూగారి తరవాత మాట్లాడినవారిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఒకరు. గడియారం 12 కొట్టేదాకా మాట్లాడమని నెహ్రూగారు ఆయనకు ముందే చెప్పారంటారు. ఆయన ప్రసంగం ముగిశాక అర్ధరాత్రి గంట కొట్టింది, సభ్యులు ప్రమాణం చేశారు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషులో. కానీ మనలాంటివాళ్లం ఒకటి గుర్తుంచుకోవాలి. ఆయన తిరుత్తణిలో పుట్టిన తెలుగువారు, అంటే తమిళ సీమలోని తెలుగు. 1918 నుంచి 1921 దాకా మైసూరు విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులు. ఏ ఒక్క సరిహద్దులోనూ ఇమడని తెలుగువాడు ఆ అర్ధరాత్రిని గంట కొట్టేదాకా మోశాడు.

ఢిల్లీ ప్రసారం అయ్యాక మద్రాసు కేంద్రం తెలుగులో ఒక పాట వినిపించింది. ‘మాదీ స్వతంత్ర దేశం’. రాసింది, వరస కట్టింది రజనీకాంతరావు. పాడింది టంగుటూరి సూర్యకుమారి. ఆమెకు అప్పటికి ఇరవయ్యొక్కేళ్లు. ప్రకాశం పంతులుగారి సోదరుని కుమార్తె. ఆ పాట హైదరాబాదులో విన్నవాడికి ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. మైసూరులో విన్నవాడికి సగమే వచ్చింది. మద్రాసు జిల్లాలవాడికి వచ్చింది గానీ, రాష్ట్రం రాలేదు. అయినా పాటలోని ‘మాది’ అన్న మాట ముగ్గురికీ ఒకేసారి చేరింది. ఆ క్షణాన తెలుగువారందరూ ఒకే చోట ఉన్నారంటే, అది ఏ పటం మీదా లేని చోటు.

బీబీసీ కూడా ఆ ఉత్సవాన్ని చూడడానికి మనుషులను పంపింది. విన్‌ఫర్డ్ వాన్-థామస్ అనే వ్యాఖ్యాత ఒకరు. ఆయన వేల్స్‌వారే. లూయిస్ మాక్‌నీస్ అనే కవి మరొకరు. ఆ కవి తాను చూసినదాన్ని రేడియో రూపకంగా రాయగా 1948 మార్చిలో బీబీసీ థర్డ్ ప్రోగ్రాం ప్రసారం చేసింది. అక్కడ కవులకు రేడియోలో జీతమిచ్చి పని చెప్పారు, ఇక్కడా అంతే. తేడా ఒక్కటే. మాక్‌నీస్‌కు తన భాషలో మూడు సర్వీసులున్నాయి. రజనిగారికి ఒక ట్రాన్స్‌మిటరులో కొన్ని గంటలున్నాయి.

ఆ తరవాత పంపకాలు వేగంగా జరిగాయి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. తెలుగు జిల్లాల నడిబొడ్డున తెలుగుకే ఒక కేంద్రం కావడంతో అందరూ సంతోషించారు. 1950 ఏప్రిల్ 1న హైదరాబాదు, మైసూరు కేంద్రాలు ఆలిండియా రేడియోలో కలిశాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మద్రాసు పట్నం అటు ఉండిపోయింది. 1955 నవంబరు 2న మైసూరు కేంద్రం బెంగళూరుకు తరలింది. 1956 నవంబరు 1తో పటాలు స్థిరపడ్డాయి. 1963లో కడప, విశాఖపట్నం కేంద్రాలు మొదలయ్యాయి. ప్రతి భాషకూ సొంత ఇల్లు దొరికింది. ఇది జరగవలసిందే, జరగడం మంచిదే. కానీ బ్యాంకులో పనిచేసేవాడికి ఒక అలవాటుంది. ఉమ్మడి ఖాతా విడదీసినప్పుడు ఎవరి పేరూ లేని చిల్లర ఎక్కడికి పోయిందని అడుగుతాడు. ఆ చిల్లర మనమే. మద్రాసు, హోసూరు, బళ్లారి, కోలారు, బెంగళూరు తెలుగువారం. వెనక ఉమ్మడి బావిలో వంతు ఉండేది. ఇప్పుడు దూరంగా ఉన్న మనవాళ్ల బావి గిలక చప్పుడు వింటూ కూర్చున్నాం.

అయితే గాలికి ఈ పంపకం పట్టలేదు. నా చిన్నతనంలో, అంటే 1970లలో, కె.ఆర్.పురంలో పొద్దుగూకాక ముల్లు కొంచెం కొంచెం తిప్పుతూ కడపను వెతికేవాళ్లం. పగలు గరగరమనేది చీకటి పడ్డాక శుభ్రంగా పలికేది. దీనికి కారణం తరవాత తెలిసింది. ఎండ ఉన్నంతసేపు ఆకాశంలోని కింది పొర మీడియం వేవ్‌ను మింగేస్తుంది. సూర్యుడు దిగాక ఆ పొర చెదిరిపోయి, తరంగం పైపొర దాకా వెళ్లి దూరాన దిగుతుంది. దూరవాణినగర్‌లోని ఐ.టి.ఐ. ఫ్యాక్టరీలో పనిచేసే ఇళ్లలో మన భాషవాళ్లు కొందరు ఉండేవారు. పగలు టెలిఫోన్లు తయారుచేసి రాత్రి కడప వినేవారు. అలాగే మధ్యాహ్నాలు రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై వినిపించిన తెలుగు సినిమా పాటలు. ఆ సిలోన్ ట్రాన్స్‌మిటరు కథ ఇంకా వింత. యుద్ధంలో మౌంట్‌బాటెన్ సేనాధిపత్యం కింద బ్రిటిష్ సైనికుల కోసం కొలంబోలో పెట్టిన రేడియో అది. 1949లో సిలోను ప్రభుత్వానికి దక్కింది. సామ్రాజ్యం తన సిపాయిల వినోదానికి నిలబెట్టిన స్తంభం మీద నుంచి చివరికి మన ఘంటసాల పాట దిగివచ్చింది.

పాత్రల చివరి సంగతులు కూడా చెప్పాలి. రజనిగారు ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రాసి 1961లో సాహిత్య అకాడెమీ బహుమతి పొందారు. విజయవాడలోనే కాక మన బెంగళూరు కేంద్రానికి కూడా డైరెక్టరుగా పనిచేశారు. అంటే తెలుగువారి అర్ధరాత్రి పాట రాసిన మనిషి, కన్నడ శ్రోతల రేడియోను బాధ్యతగా నడిపారు. 2018 ఏప్రిల్‌లో విజయవాడలో కన్నుమూశారు. సూర్యకుమారిగారు 1960లలో లండన్ వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. భారతీయ సంగీత నృత్యాలు నేర్పుతూ, 2005 ఏప్రిల్‌లో అక్కడే చనిపోయారు. బ్రిటిష్‌వారు వెళ్లిపోయిన రాత్రి పాడిన గొంతు, వాళ్ల ఊళ్లోనే చివరి దాకా తెలుగును మోసింది.

ఈ లెక్కలన్నీ ఎందుకంటే, మనవంటి అల్పసంఖ్యాక భాషవారు తరచు నేల గురించి బాధపడతారు. ఫలానా తాలూకా అటు పోయింది, ఇటు పోయింది అని. నేల పంపకం ముగిసిన వ్యవహారం. ఆ ఖాతా తిరగతోడటంవల్ల ఇరుగుపొరుగుల మనసు విరగడం తప్ప ఫలితం లేదు. మనం అడగవలసిన వాటా గంటల్లో ఉంటుంది. బడిలో వారానికి ఎన్ని పీరియడ్లు? గ్రంథాలయంలో ఎన్ని బీరువాలు? ఇంట్లో రోజుకు ఎన్ని నిమిషాలు? 1947లో ఒక ట్రాన్స్‌మిటరు మీద తెలుగు, తమిళం వంతులు వేసుకుని బతికాయి. ఒకరి పాట అయ్యేదాకా మరొకరు ఆగారు. ఆగుతూ ఆ పాటా విన్నారు. త్యాగరాజ కృతిని తమిళ శ్రోత, తిరుప్పావైని తెలుగు శ్రోత తమది కాదనుకోలేదు. కన్నడనాట మన స్థితి కూడా అదే. కన్నడ కార్యక్రమం వినడం మన మర్యాద, మన వంతును వదులుకోకపోవడం మన బాధ్యత.

ఇప్పుడు షార్ట్‌వేవ్ అక్కర్లేదు. ఏ ఊరి తెలుగైనా చేతిలోని ఫోనులో పలుకుతుంది. పొద్దుగూకేదాకా ఆగక్కర్లేదు, ముల్లు తిప్పక్కర్లేదు. ఆనాడు వినాలనే కోరిక నిండుగా ఉండి గంటలు కరువైనాయి. నేడు గంటలకు కరువు లేదు. మన పిల్లలు వాటిలో ఎన్ని తెలుగుకు జమ వేస్తున్నారో ప్రతి ఇల్లూ ఒకసారి లెక్క చూసుకుంటే మంచిది.